పెద్దాసుపత్రిని నమ్మే ఇల్లు ప్రభుత్వ బడిని ఎందుకు నమ్మడం లేదు?

ఉత్తర చెన్నైలోని కొరుక్కుపేట, రాయపురం, వ్యాసర్పాడి వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక తీరు కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు గుండెల్లో నొప్పి వచ్చినా, కోడలికి నెలలు నిండినా, ఎవరైనా బండి మీద నుంచి పడినా ముందుగా తలపుకు వచ్చేవి స్టాన్లీ, ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి, సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న జనరల్ ఆసుపత్రి. అదే ఇంట్లో మూడేళ్ళు నిండిన బిడ్డను బడిలో వేయవలసి వచ్చేసరికి వీధి చివరి కార్పొరేషన్ బడిని దాటుకుని పోయి, చీటీ పాడో నగ కుదువపెట్టో ప్రైవేటు స్కూల్లో ఫీజు కడతారు. బడీ ఆసుపత్రీ రెండూ ప్రజల సొమ్ముతోనే నడుస్తున్నాయి. రెండు చోట్లా పనిచేసేవారు పోటీ పరీక్షలు రాసి వచ్చినవారే. అయినా ఒక గుమ్మం ముందు తెల్లవారకముందే ఓపీ చీటీ కోసం జనం బారులు తీరుతుంటే, మరో గుమ్మంలో హెడ్‌మాస్టరు వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడగవలసి వస్తోంది.

ప్రభుత్వం బడులూ ఆసుపత్రులూ తానే నడపాలా, లేక డబ్బు చెల్లించి పక్కకు తప్పుకోవాలా అన్న వాదన వచ్చినప్పుడల్లా ఈ తేడా మరుగున పడిపోతుంది. ఒకే రాష్ట్రం, ఒకే యంత్రాంగం రెండు రంగాల్లో రెండు రకాల ఫలితాలు ఎందుకు ఇస్తున్నదో తెలుసుకుంటే ఆ వాదనలో చాలా భాగం తేటపడుతుంది.

క్లుప్తంగా

తమిళనాడు ప్రభుత్వం వైద్యంలో మందుల కొనుగోలునూ, సిబ్బంది శిక్షణనూ, పదోన్నతి దారినీ తన చేతిలో ఉంచుకుంది. ఎక్కడ లోపం జరిగినా త్వరగా బయటపడే పద్ధతులను కూడా కట్టుకుంది. బడుల విషయంలో దాని బలమంతా అన్నం, పుస్తకాలు, సైకిళ్ళు, కళాశాల సీట్లు వంటి, తరగతి గది చుట్టూ ఉండే ఏర్పాట్లలో కనిపిస్తుంది. తరగతి గదిలో ఏం జరుగుతోందో తల్లిదండ్రులకు తెలిసే మార్గం మాత్రం ఏర్పడలేదు. చెన్నై తెలుగు కుటుంబాలకు ఈ లోటు మీద భాష చిక్కు కూడా తోడైంది.

ఎవరి చేతిలో ఏముంది

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విద్య కూడా మొదట అక్కడే ఉండేది. 1976లో చేసిన 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. వైద్య విద్య సైతం అటే చేరింది కనుక ఆసుపత్రిని రాష్ట్రం నడిపినా, ఆ ఆసుపత్రికి కావలసిన డాక్టర్ ఏ పరీక్ష రాసి రావాలో కేంద్ర చట్టం నిర్ణయిస్తోంది. వైద్య సీట్ల కోసం దేశమంతటికీ ఒకటిగా పెట్టిన ప్రవేశ పరీక్ష నీట్ మీద చెన్నైకీ ఢిల్లీకీ మధ్య ఏళ్ళ తరబడి సాగుతున్న తగవుకు మూలం ఇదే.

హక్కుల పరంగా చూస్తే చదువుదే పైచేయి. 2002 నాటి 86వ సవరణ 21ఏ అధికరణాన్ని చేర్చి, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అమలు చేసే చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరోగ్యానికి అలాంటి అధికరణం విడిగా లేదు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ విధి అని ఆదేశిక సూత్రాల్లోని 47వ అధికరణం చెబుతుంది, అంతే. అంటే కాగితం మీద ఎక్కువ భద్రత ఉన్న రంగంలో ప్రజల నమ్మకం తక్కువగా ఉంది. హక్కును రాసిపెట్టడం వేరు, సేవను నిలబెట్టడం వేరు అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఖర్చు విషయంలో రెండు రంగాలూ లక్ష్యానికి దూరంగానే ఉన్నాయి. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్ళీ అదే అంకెను రాసుకుంది. ఆరోగ్యానికి ప్రభుత్వాల ఖర్చు 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని 2017 ఆరోగ్య విధానం పెట్టుకున్న గురి. 2021-22 లెక్కల ప్రకారం అది 1.84 శాతం దగ్గర ఉంది. అయితే మొత్తం వైద్య ఖర్చులో ప్రజలు జేబులోంచి నేరుగా పెట్టుకునే వాటా దేశవ్యాప్తంగా 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22కి 39.4 శాతానికి దిగింది. బడి ఖర్చుకు ఇలా ఏటేటా చూపే జాతీయ లెక్క ప్రజల చర్చలోకి రాదు. ట్యూషను, వ్యాను, యూనిఫారం, పుస్తకాల కింద ఒక ఇల్లు ఎంత పెడుతోందో ఆ ఇంటికే తెలుసు.

మాత్రల అట్ట వెనకాల ఉన్న వ్యవస్థ

చెన్నైలో ఏ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరం మాత్రలు తీసుకున్నా, ఆ అట్ట మీద తమిళనాడు ప్రభుత్వ సరఫరా అనీ, అమ్మకానికి కాదనీ ముద్ర ఉంటుంది. ఆ మాత్ర అక్కడికి చేరిన దారిని వివరంగా చూడాలి, ఎందుకంటే ప్రభుత్వం ఒక పనిని బాగా చేయాలంటే ఏమేమి కావాలో అందులో దాదాపు అన్నీ ఉన్నాయి.

1994లో తమిళనాడు వైద్య సేవల సంస్థ ఏర్పడి, 1995 ఆరంభం నుంచి మందుల కొనుగోలు మొదలుపెట్టింది. దీనికి కంపెనీ రూపం ఇచ్చారు కానీ యాజమాన్యం ప్రభుత్వానిదే. అత్యవసర మందుల జాబితా తయారుచేసి, కంపెనీ పేర్లతో పని లేకుండా మందు అసలు పేరుతోనే, నేరుగా తయారీదారుల నుంచి టెండర్లు పిలుస్తారు. టెండరు రెండు కవర్లలో వస్తుంది. తయారీ యోగ్యతలున్న కవరు ముందు తెరుస్తారు. అందులో నెగ్గినవారి ధర కవరునే తర్వాత తెరుస్తారు. సరుకు జిల్లా గిడ్డంగికి చేరాక నమూనాలు తీసి, తయారీదారు ఎవరో పరీక్షించేవారికి తెలియకుండా గుర్తు సంఖ్యలు వేసి, ప్రయోగశాలలకు పంపుతారు. నాణ్యత తేలిన సరుకే ఆసుపత్రుల దారి పడుతుంది.

ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు మాత్రం పాస్‌పుస్తకం. ప్రతి ఆసుపత్రికీ, ఆరోగ్య కేంద్రానికీ ఏడాదికి ఇంత విలువ మందులని కేటాయించి, ఆ మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో లాగా పుస్తకంలో రాస్తారు. గిడ్డంగి నుంచి మందు తెచ్చుకున్నప్పుడల్లా విలువ తగ్గుతూ పోతుంది. ఏ మందు ఎంత కావాలో అక్కడి డాక్టరే తేల్చుకోవచ్చు. జలుబు మాత్రలు మిగిలిపోతూ చక్కెరవ్యాధి మాత్రలు అయిపోతే వచ్చేసారి అవి తగ్గించి ఇవి పెంచుకుంటాడు. డబ్బు ముట్టుకునే అధికారం లేదు, కావలసింది ఎంచుకునే అధికారం ఉంది. ధరను పైనున్న సంస్థ సాధిస్తుంది, అవసరాన్ని కింది ఆసుపత్రి తేలుస్తుంది, నాణ్యతను ఇద్దరికీ సంబంధం లేని మూడో చెయ్యి తూకం వేస్తుంది. తర్వాత కేరళ, రాజస్థాన్ ఇదే నమూనాను తీసుకుని సొంత సంస్థలు పెట్టుకున్నాయి.

బడి వ్యవస్థలో ఈ పాస్‌పుస్తకానికి సాటివచ్చేది కనపడదు. పాఠ్యపుస్తకాలు, బూట్లు, సంచులు పైనుంచి వస్తాయి. అవి సమయానికి రావడంలో తమిళనాడుకు మంచి పేరే ఉంది. కానీ మూడో తరగతిలో సగం మందికి చదవడం రావడం లేదని గమనించిన హెడ్‌మాస్టరుకు, ఆ ఏడాది ఒక ఉపాధ్యాయురాలిని అదనంగా ఆ తరగతికి తెచ్చుకోవడానికి తన చేతిలో ఏమీ ఉండదు. పోస్టులు పిల్లల సంఖ్యను బట్టి వస్తాయి, బదిలీలు కౌన్సెలింగ్‌లో తేలుతాయి, శిక్షణ అందరికీ ఒకే మూసలో జరుగుతుంది.

డాక్టర్‌ను నిలబెట్టిన నిచ్చెన

మద్రాసు రాష్ట్రంలో ప్రజారోగ్యానికి 1920వ దశకంలోనే ప్రత్యేక డైరెక్టరేట్ ఉంది. 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. దోమల నివారణ, తాగునీరు, టీకాలు, అంటువ్యాధుల మీద నిఘా చూసే అధికారులకు ఆసుపత్రి వైద్యంతో కలవని సొంత సర్వీసూ, సొంత పదోన్నతి దారీ ఏర్పడ్డాయి. చాలా రాష్ట్రాల్లో ఈ పనులు ఆసుపత్రి డాక్టర్ల మీద అదనపు భారంగా పడితే, ఇక్కడ ఒక ఉద్యోగ జీవితమంతా అదే పనిలో గడిపేవారు ఉన్నారు.

రెండోది పీజీ సీటు. ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు రాష్ట్ర కోటా పీజీ సీట్లలో 50 శాతం కేటాయించే పద్ధతి తమిళనాడులో చాలా కాలంగా ఉంది. మధ్యలో దీని మీద వివాదం లేచినా, ఇలాంటి కోటా పెట్టుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఎంబీబీఎస్ చేసిన యువ డాక్టర్ మారుమూల ఆరోగ్య కేంద్రంలో చేరడానికి ఇది గట్టి కారణం. కొన్నేళ్ళు అక్కడ పనిచేస్తే ఎండీ సీటు దగ్గరవుతుంది, చదువు ముగించి మళ్ళీ ప్రభుత్వ ఆసుపత్రికే స్పెషలిస్టుగా వస్తాడు. పనివేళల తర్వాత సొంత ప్రాక్టీసు చేసుకోనివ్వడం కూడా వారిని నిలిపి ఉంచుతోంది. ఈ అనుమతి మీద విమర్శలున్నాయి. ఉదయం ప్రభుత్వ ఓపీలో చూసిన రోగి సాయంత్రం క్లినిక్కుకు మళ్ళే ప్రమాదం నిజమే. కానీ దీన్ని ఒక్క వేటుతో నిషేధిస్తే ఎంతమంది సర్వీసులో మిగులుతారన్న ప్రశ్నకు జవాబు ఎవరూ ధైర్యంగా చెప్పలేకపోతున్నారు.

ఉపాధ్యాయ వృత్తిలో ఇలాంటి నిచ్చెన లేదు. పల్లెలోనో మురికివాడలోనో పిల్లలకు చదువు చెప్పి ఒడ్డున పడేసిన టీచరుకు ఆ పని వల్ల దక్కే పై చదువు గానీ, హోదా గానీ ఏదీ రాసిపెట్టి లేదు. పదోన్నతి సీనియారిటీని బట్టి వస్తుంది. మంచి టీచర్లు లేరని దీనర్థం కాదు. వారు ఉన్నారు, కానీ వారి పనితనం వ్యవస్థ వల్ల వచ్చింది కాదు, వారి మనసు వల్ల వచ్చింది.

ఫలితాలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 99.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. వాటిలో మూడింట రెండు వంతుల దాకా ప్రభుత్వ ఆసుపత్రుల్లోవే. ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల్లో 63.8 శాతం సిజేరియన్లయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 36 శాతం. ఈ 36 కూడా తక్కువేమీ కాదు. అయినా రెండు అంకెల మధ్య ఉన్న అంతరం, ఆపరేషన్ మీద ఆదాయం ఆధారపడిన చోటికీ ఆధారపడని చోటికీ ఉన్న తేడాను చూపిస్తోంది. ఇదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో సిజేరియన్లు 81.5 శాతానికి చేరాయి.

దీన్నిబట్టి చెన్నై ప్రభుత్వ ఆసుపత్రుల్లో కష్టాలు లేవనుకుంటే పొరపాటు. మంచం చాలక నేల మీద చాప పరుచుకున్న రోగులు, ఒకే నర్సు మీద పడే లెక్కకు మించిన మంచాలు, స్థిర వేతనం మీద ఏళ్ళుగా పనిచేస్తూ క్రమబద్ధీకరణ కోసం రోడ్డెక్కిన నర్సులు, స్కాన్‌కు వారాల తర్వాతి తేదీ అన్నీ నిజాలే. అయినా జనం వెళ్తున్నారంటే, చివరికి ప్రాణం దక్కుతుందన్న నమ్మకం ఒకటి గట్టిగా ఉంది.

అణా అల్పాహారం నుంచి ఉదయపు ఉప్మా దాకా

బడి విషయంలో ఈ నగరం చేసిన మొదటి పెద్ద పని ఒక తెలుగువాడి పేరుతో ముడిపడి ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు రోజుకు అణా మించని ఖర్చుతో అల్పాహారం పెట్టే తీర్మానం చేయించారు. త్యాగరాయ నగర్‌కు ఆయన పేరే పెట్టారు. విద్యా నిధి నుంచి ఈ ఖర్చు చేయకూడదన్న అభ్యంతరంతో అది 1925లో ఆగిపోయింది. తర్వాత 1956లో కామరాజ్ మధ్యాహ్న భోజనం మొదలుపెట్టగా, 1982లో ఎం.జి. రామచంద్రన్ దాన్ని పోషకాహార పథకంగా రాష్ట్రమంతటికీ విస్తరించారు. 2022 సెప్టెంబరు 15న 1,545 బడుల్లో మొదలైన ఉదయపు అల్పాహారం 2023 ఆగస్టు నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ చేరింది. సోమవారం ఉప్మా సాంబారు, బుధవారం పొంగలి. తెల్లవారుజామున నాలుగు గంటలకే వీధులు ఊడ్చే పనికి వెళ్ళే తల్లి ఇంట్లో పొయ్యి వెలగకపోయినా బిడ్డ ఖాళీ కడుపుతో పలక ముందు కూర్చోడు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు కుటుంబాలవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు కనుక ఈ గిన్నె ఉప్మా విలువ ఆ ఇళ్ళకు బాగా తెలుసు.

అన్నం బిడ్డను బడిలోకి తెస్తుంది. లోపలికి వచ్చిన బిడ్డకు చదవడం వస్తోందా అన్నది వేరే ప్రశ్న. పిల్లల చదివే శక్తిని ఇంటింటా పరీక్షించే, గ్రామీణ ప్రాంతాల్లో జరిగే అసర్ సర్వే ప్రకారం, తమిళనాడులో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో 5 శాతం లోపే. 2024కి అది సుమారు 12 శాతానికి పెరిగింది. చెన్నై నగరం ఆ సర్వే పరిధిలో లేదు. కోవిడ్ వల్ల బడులు మూతపడిన కాలం దెబ్బ ఆ అంకెల్లో ఉంది. ఈ రెండు మినహాయింపులూ ఇచ్చాక కూడా, బడిలో చేర్చడంలో దేశానికి దారి చూపిన రాష్ట్రానికి ఇది తగిన ఫలితం కాదు.

ప్రభుత్వం దీన్ని గుర్తించకపోలేదు. 2021లో స్వచ్ఛంద బోధకులతో సాయంత్రాలు ఇంటి దగ్గరే చదువు చెప్పే ‘ఇల్లం తేడి కల్వి’ (ఇంటిని వెతుక్కుంటూ చదువు)ని, 2022లో చిన్న తరగతులకు అక్షరాలూ అంకెలూ నేర్పే ‘ఎన్నుం ఎళుత్తుం’ను మొదలుపెట్టింది. 2021 ఆగస్టులో తెలుగువారు ఎక్కువగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో ఆరంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) కింద బీపీ, చక్కెరవ్యాధి మందులు ఇంటికే వస్తున్నాయి. ఒకే ఏడాది చదువూ వైద్యమూ రెండూ ఇంటిని వెతుక్కుంటూ బయలుదేరాయన్నమాట. వైద్యం పథకానికి వెనక మందుల గిడ్డంగీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ ఆసరాగా ఉన్నాయి. చదువు పథకం కోవిడ్ నష్టాన్ని పూడ్చే తాత్కాలిక ఏర్పాటుగా, గౌరవ భృతి మీద పనిచేసే వాలంటీర్ల భుజాల మీద నిలిచింది.

కంటికి కనిపించే నాణ్యత, కనిపించనిది

ఆసుపత్రిలో జ్వరం తగ్గిందో లేదో మూడు రోజుల్లో తెలుస్తుంది. బిడ్డకు లెక్కలు వచ్చాయో లేదో తల్లికి, అందులోనూ తాను బడి మొహం చూడని తల్లికి, పదో తరగతి ఫలితాల దాకా తెలియకపోవచ్చు. తెలుసుకునే దారి లేనప్పుడు కంటికి కనిపించేవాటితోనే అంచనా వేస్తారు. టై, బూట్లు, వ్యాను, డైరీలో రోజూ రాసే హోంవర్క్, ఇంగ్లీషులో చెప్పే పద్యం. వీటికోసం ఫీజు కట్టేవారిని తెలివితక్కువవారని అనడం అన్యాయం. వారి ముందు పెట్టిన ఆధారాలు అవే.

ఇంగ్లీషు మాధ్యమ ఆకర్షణకు చెన్నైలో పాత చరిత్ర ఉంది. మెట్రిక్యులేషన్ అనే ప్రైవేటు బడులకు చాలాకాలం వేరే పాఠ్యప్రణాళిక, వేరే పరీక్ష ఉండి, అవి ఒక మెట్టు పైనున్నట్టు గౌరవం పొందాయి. 2010 నాటి సమచ్చీర్ కల్వి (సమాన విద్య) చట్టం రాష్ట్ర పరిధిలోని బడులన్నింటికీ ఒకే పాఠ్యప్రణాళిక పెట్టింది. 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు దాని అమలుకు దారి తెరిచింది. 2012-13 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమ విభాగాలు విస్తరించాయి. పుస్తకం ఒకటే, మాధ్యమం ఒకటే అయ్యాక కూడా ప్రవాహం వెనక్కి మళ్ళలేదు. కాస్త స్తోమత ఉన్న కుటుంబాలు అప్పటికే బయటికి వెళ్ళిపోయాయి, వారితోపాటు అడిగే గొంతు కూడా వెళ్ళిపోయింది.

ఆసుపత్రి విషయంలో ఆ గొంతు పూర్తిగా పోలేదు. ప్రమాదం జరిగినప్పుడు, అవయవ మార్పిడి అవసరమైనప్పుడు, ప్రైవేటు బిల్లు లక్షలకు చేరినప్పుడు మధ్యతరగతి ఇల్లు కూడా పెద్దాసుపత్రి మెట్లెక్కుతుంది. 2021 డిసెంబరులో మొదలైన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు తొలి 48 గంటల చికిత్స ఎవరికైనా ఉచితం. ఉద్యోగి, వకీలు, విలేఖరి ఎప్పుడో ఒకప్పుడు వాడే చోటు మీద ఒక కన్ను ఉంటుంది. కార్పొరేషన్ బడిలో వారి పిల్లలు లేరు కనుక అక్కడ మరుగుదొడ్డి తలుపు విరిగితే ఆ సంగతి పత్రికకు ఎక్కదు. కోవిడ్ ఏళ్ళలో ఫీజులు కట్టలేక లక్షల మంది పిల్లలు ప్రభుత్వ బడులకు వచ్చారు. ఆదాయాలు కుదుటపడగానే చాలామంది తిరిగి వెళ్ళిపోయారు. వచ్చినవారిని నిలుపుకోగల అవకాశం ఆ రెండేళ్ళలో దొరికింది, తరగతికి టీచరు లేని చోట్ల అది జారిపోయింది.

డబ్బు ఎవరి వెంట నడవాలి

ప్రభుత్వమే సేవ అందించడం ఒక పద్ధతి. ప్రైవేటు నుంచి కొని పేదలకు ఇవ్వడం మరొకటి. రెండో పద్ధతి వైద్యంలో బీమాగా, చదువులో 25 శాతం సీట్లుగా కనిపిస్తుంది.

తెలుగువారికి 2007 నాటి ఆరోగ్యశ్రీ పరిచయమే. తమిళనాడులో 2009లో వచ్చిన బీమా 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాగా మారి, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా రక్షణ ఇస్తోంది. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు సైతం ఆ బీమా కింద చికిత్స చేసి సొమ్ము రాబట్టుకుంటాయి. కాబట్టి బీమా డబ్బు అంతా ప్రైవేటుకు తరలిపోకుండా కొంత భాగం ప్రభుత్వ ఆసుపత్రిలోకే పరికరాలుగా తిరిగివస్తుంది.

చదువులో ఇలాంటి తిరుగుదారి లేదు. విద్యాహక్కు చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడిలో ప్రవేశ తరగతి సీట్లలో 25 శాతం బలహీన వర్గాలకు ఇస్తే, ఆ ఫీజును ప్రభుత్వం చెల్లిస్తుంది. ఆ బిడ్డకు అది మేలే. కానీ చెల్లించే ప్రభుత్వమే పక్కన బడి నడుపుతున్నప్పుడు, మంచి చదువు కావాలంటే అటు వెళ్ళండి అని తానే చెప్పినట్టు అవుతుంది. కర్ణాటక 2019లో నిబంధనలు మార్చి, దగ్గరలో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడి ఉంటే ప్రైవేటు బడికి ఈ బాధ్యత లేకుండా చేసింది. దాంతో పిల్లలు ప్రభుత్వ బడికి రావాలన్న ఉద్దేశం నెరవేరిందో లేదో గానీ, బెంగుళూరు పేద ఇళ్ళకు ఉన్న ఒక దారి మాత్రం మూసుకుపోయింది. తమిళనాడులో ఈ సీట్లకు వేరే ఆటంకం వచ్చింది. బడులకు కేంద్రం నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం కింద 2024-25కి రావలసిన 2,152 కోట్ల రూపాయలను, ఎంపిక చేసిన బడులను తీర్చిదిద్దే కేంద్ర పథకం పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం చేయలేదన్న కారణంతో కేంద్రం నిలిపివేసింది. ఆ ఒప్పందంతో పాటు వచ్చే జాతీయ విద్యా విధానంలోని త్రిభాషా విధానానికి ఒప్పుకోబోమని రాష్ట్రం పట్టుపట్టింది. ప్రైవేటు సీట్ల ఫీజుకూ ఆ నిధే ఆధారం కనుక, ఆ తగవులో 2025 విద్యా సంవత్సరపు 25 శాతం చేర్పులు నెలల తరబడి ఆగాయి. ఎల్‌కేజీలో చేరవలసిన బిడ్డకు జూన్ అంటే జూనే, అక్టోబరులో వచ్చే సీటు సగం సీటు.

ప్రోత్సాహకాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు వేర్వేరు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి కింద, బిడ్డ ప్రభుత్వ బడిలో చదివినా ప్రైవేటు బడిలో చదివినా తల్లికి డబ్బు వచ్చింది. ఇప్పటి తల్లికి వందనం కూడా అంతే. తమిళనాడు మాత్రం ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 దాకా చదివినవారికే వైద్య సీట్లలో 7.5 శాతం కోటాను 2020లో పెట్టి, మరుసటి ఏడాది ఇంజినీరింగ్ వంటి కోర్సులకు విస్తరించింది. ప్రభుత్వ బడిలో చదివి కళాశాలలో చేరిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే పుదుమై పెణ్ 2022లో వచ్చింది. తల్లికి నగదు ఇస్తే ఆమె ఎంపిక విస్తరిస్తుంది, ప్రభుత్వ బడికి మాత్రం అదనంగా పిల్లలు రారు. బడికి ముడిపెట్టిన కోటా ఆరో తరగతి దగ్గర పిల్లలను వెనక్కి లాగగలదు. కానీ పునాది పడవలసిన ఒకటి నుంచి ఐదు తరగతుల్ని అది తాకదు. రెండు విధానాల్లో ఏదీ టీచరు పాఠం చెప్పే తీరును మార్చేది కాదు.

తెలుగు ఇంటికి మరో ముడి

చెన్నైలో తెలుగు చదువు ఒకప్పుడు బలంగా ఉండేది. జార్జిటౌన్, త్యాగరాయ నగర్ ప్రాంతాల్లో తెలుగువారు నెలకొల్పిన పాఠశాలలు, 1937లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, కార్పొరేషన్ వారి తెలుగు మాధ్యమ బడులు కలిసి ఒక వ్యవస్థగా నడిచాయి. చదువూ వైద్యమూ రెండింటినీ ఒకే సంస్థ చేతికెత్తుకున్న చరిత్ర ఆంధ్ర మహిళా సభది.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక తరగతి పెరుగుతూ 2015-16 నాటికి పదో తరగతిలో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఈ నగరంలో బతికే బిడ్డకు తమిళం రావడం అవసరం, అందులో వివాదం లేదు. చిక్కు వేరే చోట ఉంది. అల్పసంఖ్యాక భాషా బడులకు తమిళ టీచర్లు తగినంతమంది రాకముందే పరీక్ష వచ్చిపడింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకెక్కి ఏటికేడు మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సైతం ఒక్క ఏడాదికే మినహాయింపు పొడిగించింది. పదో తరగతి పరీక్ష ఏ భాషలో రాయాలో ఫిబ్రవరి దాకా తెలియని బడిలో బిడ్డను వేయడానికి ఎంత భాషాభిమానం ఉన్న తల్లిదండ్రులైనా వెనకాడతారు.

ఆసుపత్రిలో భాష ఇంత అడ్డం రాదు. డాక్టరు తమిళంలో అడుగుతాడు, రోగి కలగలిపిన తెలుగులో చెబుతాడు, పక్క మంచం ఆమె సర్దిచెబుతుంది. అక్కడ అడ్డుపడేది కార్డు. సూళ్ళూరుపేట నుంచి పొద్దుటి రైలెక్కి సెంట్రల్‌లో దిగిన రోగికి ఓపీ చూస్తారు, అత్యవసర వైద్యం చేస్తారు. బీమాతో చేసే పెద్ద ఆపరేషన్ దగ్గరకు వచ్చేసరికి తమిళనాడు రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరు నుంచి చెన్నైలోని కొన్ని ఆసుపత్రులను ఆరోగ్యశ్రీలో (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) చేర్చింది కనుక, బయలుదేరే ముందే ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకు అది వర్తిస్తుందో ఆ పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే సహాయకులను అడిగి తెలుసుకోవడం మేలు.

ముందున్న మార్పులు

మూడు ఒత్తిళ్ళు ఒకేసారి వస్తున్నాయి. తమిళనాడు సంతాన సాఫల్య రేటు 2019-21 సర్వేలోనే 1.8కి దిగింది. పిల్లల సంఖ్య తగ్గుతున్న కొద్దీ చిన్న బడులను కలపడం, టీచర్లను వేరే చోటికి సర్దడం పెరుగుతుంది. వృద్ధులు, దీర్ఘవ్యాధులు పెరిగి ఆరోగ్య బడ్జెట్ మీద భారం హెచ్చుతుంది. ఇక 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, పదవీ విరమణకు 5 ఏళ్ళకు మించి వ్యవధి ఉన్న సర్వీసు టీచర్లు రెండేళ్ళలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) నెగ్గాలి. అర్హత ప్రమాణం మంచిదే. కానీ ఇరవై ఏళ్ళుగా ఒకటో తరగతికి చెబుతున్న టీచరు సాయంత్రాలు తన పరీక్షకు చదువుకోవలసి వచ్చే ఈ రెండేళ్ళలో ఆ తరగతి ఎలా నడుస్తుందో శాఖలు ముందే ఆలోచించాలి.

ఈ మూడింటి తాకిడి మొదట తగిలేది చిన్న విభాగాలకు. ఒక కార్పొరేషన్ బడిలో తెలుగు మాధ్యమానికి ఉన్న ఒకే ఒక టీచరు మే నెలాఖరులో పదవీ విరమణ చేస్తే, జూన్‌లో ఆ విభాగంలో కొత్త చేర్పులు తీసుకోరు. చేర్పులు లేవు కనుక మరుసటి ఏడాది లెక్కల్లో ఆ పోస్టు అవసరం లేదని రాస్తారు. అదే వీధిలోని ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు అడుగంటితే ఆ సంగతి నిల్వల లెక్కలో తేలి, జిల్లా గిడ్డంగి నుంచి సరుకు బయలుదేరుతుంది. టీచరు ఖాళీకి కూడా అలాంటి లెక్క ఒకటి ఉండి, బడి గోడ మీద తల్లిదండ్రులు చదువుకునేలా నెలనెలా రాసిపెడితే, పిల్లల్ని పంపమని అడగడానికి ఇంటికి వచ్చిన హెడ్‌మాస్టరుతో మాట్లాడటానికి ఆ ఇంటికి టై, బూట్లు కాక వేరే ఆధారం దొరుకుతుంది.